పేరు చదవని కానుక

బహ్రెయిన్‌లో పరాయి మనిషి బతకాలంటే ఆ మనిషికి పూచీగా ఒక యజమాని ఉండాలి. ఆ యజమానిని కఫీల్ అంటారు. దానమ్మకి మాత్రం కఫీల్ లేడు. ఉద్యోగం అయిపోయాక కూడా ఇక్కడే ఉండిపోవడానికి ఇచ్చే వీసా ఆవిడది. "నాకు నేనే కఫీల్‌ని" అని కొత్తగా పరిచయమైన ప్రతివాళ్ళకీ, వాళ్ళు అడక్కపోయినా చెబుతుంది. ఆసుపత్రి వార్డుల్లో ముప్ఫై ఏళ్ళు పక్కలు మార్చి, రోగులకు ఒళ్ళు తుడిచి, మోగిన ప్రతి గంటకీ పరిగెత్తిన మనిషి. ఆ మాత్రం గొప్ప చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

అంతటి కఫీల్‌గారికీ ఈసారి చిక్కొచ్చి పడింది. వీసా గడువు నెల రోజుల్లో అయిపోతోంది. మనామాలో చిన్న కొట్టు పెట్టుకుని వీసా కాగితాలు నింపిపెట్టే అప్పాజీ దగ్గరికి వెళ్ళింది. అప్పాజీది కాకినాడ. ఏ సంగతైనా ముందు టీ తెప్పించి ఆ తర్వాతే చెబుతాడు. చెడ్డ సంగతైతే బిస్కట్లు కూడా తెప్పిస్తాడు. ఆ రోజు బిస్కట్లు వచ్చాయి.

"పిన్నిగారూ, మీ ఎల్ఐసీ పెన్షను నెలనెలా వస్తోంది, దాంతో ఇబ్బంది లేదండి. కానీ దానికి తోడు ఖాతాలో నిలవ కూడా ఇంత ఉండాలంటున్నారు. క్రితంసారి బాబాయిగారి సర్వీసు డబ్బు ఉంది కాబట్టి గట్టెక్కేశాం. ఈ రెండేళ్ళూ మీరు అందులోంచే అద్దె కట్టారు కదా."

"ఎంత తక్కువ బాబూ?"

"ఎనిమిది వందల దినార్లండి."

"తక్కువైతే ఏం చేస్తారు?"

అప్పాజీ బిస్కట్ల ప్లేటు ఆవిడ వైపు జరిపాడు. "గడువు లోపల టికెట్టు కొనుక్కోమంటారండి."

దానమ్మ ఏడవలేదు. ఆవిడకి మనుషుల ముందు ఏడవడం చేతకాదు. రాజోలులో తమ్ముడున్నాడు. వెళితే ఓ మంచం వేస్తాడు, ఇంత అన్నం పెడతాడు, కాదనడు. ఆవిడ బాధ అది కాదు. భర్త యెహోషువ ఇక్కడ ఉన్నాడు. మీనా సల్మాన్‌లో ఓడలు బాగుచేసే షెడ్డులో వెల్డింగ్ ఫోర్‌మన్‌గా చేసి, రిటైరైన ఏడాదికే గుండె ఆగి, ఇక్కడి క్రైస్తవుల శ్మశానంలో పడుకున్నాడు. తనకి రాజోలులో తమ్ముడున్నాడు. యెహోషువకి ఈ ఇసకలో ఎవరున్నారు? వారం వారం వెళ్ళి ఆ రాతి మీద దుమ్ము తుడిచేది ఎవరు? ఆవిడకి ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆ శుక్రవారం కూడికలో ప్రార్థన విన్నపం చెప్పింది. వాళ్ళ తెలుగు సహవాసం మనామాలో అద్దెకు తీసుకున్న హాల్లో జరుగుతుంది. నర్సులు, డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఒకరిద్దరు ఇంజనీర్లు, అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కనే కూర్చుంటారు. పాటలయ్యాక ఎవరి కష్టం వాళ్ళు లేచి చెబితే అందరూ దానికోసం ప్రార్థిస్తారు. కొందరు "నాకొక భారం ఉంది" అని ఊరుకుంటారు. దానమ్మకి అది నచ్చదు. దేవుడికైనా సరే, లెక్క సరిగ్గా చెప్పాలంటుంది. లేచి నిలబడి, వీసా సంగతీ, ఎనిమిది వందలు తక్కువైన సంగతీ, నెలాఖరు గురువారం బ్యాంకు కాగితం తీసుకుని ఆఫీసుకి వెళ్ళాల్సిన సంగతీ చెప్పి కూర్చుంది. సంఘ పెద్ద జాన్ పాల్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. దానమ్మ గట్టిగా ఆమెన్ అంది. సహాయం పైనుంచి వస్తుందని ఆవిడకి ఎంత నమ్మకమంటే, పక్క కుర్చీలోంచి కూడా రావచ్చునన్న ఆలోచనే తట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. సహవాసం డబ్బు చూసేది దానమ్మే. శుక్రవారం డ్యూటీ పడి రాలేనివాళ్ళ కానుకలు ఆవిడ బ్యాంకు ఖాతాలోనే పడతాయి. సంఘం పేరుమీద వేరే ఖాతా అంటూ లేదు. ఆవిడ నంబరు అందరికీ కంఠతా వచ్చు. గురువారం సాయంత్రం ఆవిడ ఆ డబ్బంతా తీసి, శుక్రవారం జాన్ పాల్ చేతికిస్తుంది. ఆయన కానుకల పెట్టెలో వేస్తాడు. ఎవరు ఎంతిచ్చారని ఎవరూ చదవరు, అడగరు.

ఆ రూలు పెట్టింది యెహోషువే. ఒకప్పుడు పేర్లతో సహా చదివేవారు. ఒక మేనేజరుగారి వంద దినార్లు చదివిన వెంటనే ఒక కూలిమనిషి ఒక్క దినారు చదివారు. ఆ మనిషి తల వంచుకున్నాడు, మళ్ళీ కూడికకి రాలేదు. యెహోషువ క్యాంపు క్యాంపు తిరిగి వెతికినా దొరకలేదు. ఆ తర్వాతి కూడికలో లేచి, ఇకమీదట ఇచ్చినవాడి పేరు ఎవరూ చదవకూడదు, ఇచ్చినవాడు కూడా చెప్పుకోకూడదు అన్నాడు. అప్పటినుంచీ అందరూ అలాగే పాటిస్తున్నారు. యెహోషువ పోయాక మరీ గట్టిగా పాటిస్తున్నారు.

ఈ డబ్బు బ్యాంకు మిషన్లో వేసే పని ఎక్కువగా కిషన్‌ది. కిషన్ సంఘం మనిషి కాడు. జగిత్యాల దగ్గర పల్లె, ఎల్లమ్మకి మొక్కేవాడు, నువైద్రాత్ పక్కనున్న లేబర్ క్యాంపులో ఉంటాడు. శుక్రవారం కంపెనీ వ్యాన్ అడిగి తీసుకుని దూరం నుంచి వచ్చేవాళ్ళని కూడికకి చేరుస్తాడు. వాళ్ళు ప్రసంగం వింటుంటే వ్యాన్‌లో ఏసీ వేసుకుని నిద్రపోతాడు. భోజనాల వేళకి ఎవరూ లేపకుండానే లేస్తాడు. దానమ్మ చేసే గోంగూర మాంసం కోసమే ఇదంతా అని దాచుకోకుండా చెబుతాడు.

ప్రార్థన విన్నపం చెప్పిన మూడో రోజు, బుదైయాలో తన గది వెనక పెరట్లో దానమ్మ గోంగూర కోస్తూ ఉంటే ఫోను మోగింది. ఖాతాలో డబ్బు పడిందని బ్యాంకు కబురు. మామూలే కదా అనుకుంది. ఆ మర్నాడు మళ్ళీ మోగింది. ఆ పైరోజు భోజనం చేస్తుంటే మోగింది. గురువారం మిషన్ దగ్గరికి వెళ్ళి చూసుకుంటే, ఎప్పుడూ అరవయ్యో డెబ్బయ్యో ఉండే వారం కానుక ఐదు వందలు దాటింది.

ఆవిడ మిషన్ ముందు నిలబడి అంకెని మళ్ళీ మళ్ళీ చదివింది. వెనకాల నిలబడ్డ పాకిస్తానీ భాయ్ దగ్గాడు. ఇంత డబ్బు ఎలా వచ్చింది? ఎవరికైనా లాటరీ తగిలిందా? కంపెనీలన్నీ కూడబలుక్కుని ఓవర్‌టైం ఇచ్చాయా? ఇంటికొచ్చి మాంసానికి పసుపు పట్టిస్తూ ఆలోచించగా ఆలోచించగా ఆవిడకి కారణం దొరికింది. క్రితం నెల గుంటూరు నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి కానుకల గురించి గంటన్నర మాట్లాడాడు. అప్పుడు సగం మంది నిద్రపోయారు. అయినా ఆ వాక్యం పనిచేసినట్టుంది. చల్లారిన భక్తి మళ్ళీ రగిలింది, ఉజ్జీవం వచ్చింది. ఆ ఆనందంలో చేతులు సరిగ్గా కడుక్కోకుండానే నోట్లు లెక్కపెట్టింది. ఒక ఇరవై దినార్ల నోటు మీద బొటనవేలంత పసుపు మరక పడింది.

శుక్రవారం లేచి సాక్ష్యం చెప్పింది. "మన సంఘంలో ఉజ్జీవం వచ్చిందండి. ఈ వారం కానుకలు చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు." అని డబ్బు కవరు జాన్ పాల్ చేతిలో పెట్టింది. ఎప్పుడూ దడదడలాడే హల్లెలూయాలు ఆ రోజు ఎక్కడా వినపడలేదు. నర్సు బ్లెస్సీకి పొలమారింది. ఒకాయన వంగి చెప్పు సర్దుకున్నాడు. జాన్ పాల్ ఆ కవరుని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఆంటీ, ఇది కొన్నాళ్ళు మీ దగ్గరే ఉంచితే?"

"నా దగ్గరా? సంఘం డబ్బు నా దగ్గర శుక్రవారం దాటి ఎప్పుడైనా ఉందా జాన్ పాల్?"

"లేదండి. అంటే, ఈ ఒక్క నెలా."

"ఈ నెలలో ఏముంది?"

జాన్ పాల్ నోరు తెరిచాడు. గోడ మీద యెహోషువ ఫోటో ఉంది. నోరు మూసుకున్నాడు. ఆ మనిషి రూలు పెట్టి తను చల్లగా వెళ్ళిపోయాడు, ఇరుక్కున్నది వీళ్ళు. చెబితే రూలు తప్పినట్టు. పైగా చెబితే ఆవిడ తీసుకోదు. యెహోషువ పోయినప్పుడు సంఘమంతా చందాలేసి ఇచ్చిన డబ్బుని మూడోనాటికల్లా తిరిగి తెచ్చిచ్చిన మనిషి. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, అందుకే ఎవరూ పెదవి విప్పలేదు.

ఆ తర్వాతి వారం ఫోను ఇంకా ఎక్కువసార్లు మోగింది. సోమవారం అయితే ఒక్కసారే పెద్ద మొత్తం పడింది. గురువారం మిషన్ దగ్గరికి వెళ్ళి తీస్తే ఏడు వందల చిల్లర. దానమ్మకి ఈసారి సంతోషం రాలేదు, భయం వేసింది. గదికి తెచ్చి మంచం మీద పరిచి లెక్కపెడుతూ ఉంటే చేతిలోకి పసుపు మరక ఉన్న ఇరవై వచ్చింది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మరక మీద బొటనవేలు పెట్టి చూసుకుంది, సరిగ్గా సరిపోయింది. ఈ నోటు తను జాన్ పాల్‌కి ఇచ్చింది. జాన్ పాల్ పెట్టెలో వేశాడు. పెట్టెలోది మళ్ళీ మిషన్లోకి ఎలా వచ్చింది? జాన్ పాల్ దొంగా? ఛ, ఆ మాట అనుకున్నందుకు నోరు కడుక్కోవాలి. పోనీ బ్యాంకువాళ్ళు పొరబాటున ఒకే డబ్బు రెండుసార్లు ఇచ్చారా? అలాగైతే రేపు పోలీసులొస్తారా? లేక ఇది దేవుడి సూచనా? సూచనైతే పసుపుతో ఎందుకిస్తాడు? ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. చివరికి ఆ నోటుని బైబిల్లో పెట్టి, దాని బదులు తన సొంత ఇరవై కవరులో వేసి, మర్నాడు మొత్తం జాన్ పాల్‌కి ఇచ్చేసింది. ఆయన తలకాయ పట్టుకున్నాడు.

"ఒంట్లో బాలేదా నాయనా?"

"బానే ఉందాంటీ," అన్నాడు జాన్ పాల్ నీరసంగా.

ఆఖరి వారం మొదట్లో అప్పాజీ ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆవిడ ఫోనులోంచి బ్యాంకు కాగితం తీసి కంప్యూటర్లో చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. టీ కూడా తెప్పించలేదు.

"పిన్నిగారూ, మీరేమైనా చీటీలు నడుపుతున్నారా?"

"చీటీలేంటి?"

"మరిదేంటండి? ఐదు వందలు వచ్చాయి, పోయాయి. ఏడు వందలు వచ్చాయి, పోయాయి. ఇవాళ్టికి మళ్ళీ తొమ్మిది వందలున్నాయి. ఇది చూసి ఆఫీసులో ఏమనుకుంటారు?"

"అది సంఘం డబ్బు బాబూ. ఉజ్జీవం వచ్చింది."

ఉజ్జీవం అంటే ఏమిటో అప్పాజీకి తెలియదు. ఆయన సత్యదేవుడి భక్తుడు. అదేదో కొత్త రకం బోనస్ అనుకున్నాడు. "వస్తే మంచిదేనండి. రానివ్వండి. మీకు కావలసింది ఎనిమిది వందలు, ఉన్నవి తొమ్మిది. గురువారం దాకా ఒక్క దినారు కూడా ముట్టుకోకండి. కాగితం తీసుకుని వెళదాం, వీసా వచ్చేస్తుంది, ఆ తర్వాత మీ ఇష్టం."

దానమ్మ తన ఫోను వెనక్కి తీసుకుంది. "దేవుడి డబ్బు నాదని చూపించి వీసా తెచ్చుకోమంటావా?"

"మీ ఖాతాలో ఉంటే మీదే కదండీ."

"కాదు."

ఆవిడ లేచి వచ్చేసింది. బస్సెక్కింది. ఉన్న సంగతి చెప్పాలంటే ఆవిడకి ఆశ పుట్టింది. తొమ్మిది వందలు. నాలుగు రోజులు కదలకుండా ఊరుకుంటే చాలు, ఎవరికీ నష్టం లేదు, యెహోషువ దగ్గరే ఉండిపోవచ్చు. ఆ ఆశ పుట్టినందుకు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళూ ఒక్క ఫిల్సు తేడా రాని చెయ్యి ఇది. ఈ వయసులో, అదీ కానుకల దగ్గర, పాడు చేసుకుంటుందా? బుధవారం డబ్బంతా తీసి జాన్ పాల్‌కి ఇచ్చేసి, గురువారం ఆఫీసుకి వెళ్ళి లేదని చెప్పేసి, టికెట్టు కొనుక్కోవాలని నిర్ణయించుకుంది. దేవుడు ఇలా ఎందుకు చేస్తున్నాడో మాత్రం అంతుబట్టలేదు. తను అడిగింది తన కోసం. ఆయన సంఘానికి పంపిస్తున్నాడు. అంత పెద్ద దేవుడు చిరునామా పొరబడతాడా?

బుధవారం కిషన్‌కి డ్యూటీ లేదు. వ్యాన్ తెమ్మని, ముందు శ్మశానానికి వెళ్ళింది. కిషన్ గేటు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. దానమ్మ రాతిని కొంగుతో తుడిచింది. వెళ్ళిపోతున్నానని చెప్పాలని వచ్చింది. "గాలి ఎక్కువగా ఉంది, దుమ్ము పడుతోంది" అని మాత్రం అంది. తిరిగి వ్యాన్ ఎక్కి బుదైయా పోనిమ్మంది.

మిషన్ దగ్గర దిగి సంచిలోంచి కార్డు తీసింది. కిషన్ కూడా దిగి వెనకాలే వచ్చాడు.

"అమ్మా, మల్ల తీస్తున్నవా?"

"తీస్తున్నా. ఏం?"

"నాకొకటి సమజైతలేదు. అడుగుమంటే అడుగుత."

"అడుగు."

"ఫస్టు వారం నువ్వు తీసి జాన్ పాల్ సారుకిచ్చినవ్. సారు గవే పైసలు నాకిచ్చి నీ అకౌంట్ల ఎయ్యమన్నడు. ఏసిన. నువ్వు మల్ల తీసి సారుకిచ్చినవ్. సారు మల్ల నాకిచ్చిండు, నేను మల్ల ఏసిన. ఇప్పుడు నువ్వు మల్ల తీస్తున్నవ్. మీ దేవుని పైసలు గిట్లనే తిరుగుతయా?"

దానమ్మ చేతిలో కార్డు అలాగే ఉంది. "నువ్వు వేశావా? ఇక్కడేనా?"

"గీ మిషిన్లనే. నీ రూం కాడికి దగ్గరని."

లోపల వేసిన నోట్లే మళ్ళీ బయటికిచ్చే మిషన్ అది, పసుపు నోటు అలా వచ్చిందన్నమాట. ఒక ముడి విడింది గానీ దాని కింద ఇంకో ముడి కనపడింది. "జాన్ పాల్ ఎందుకు తిరిగి ఇచ్చాడు? అది కానుక కదా?"

కిషన్ తల గోక్కున్నాడు. చెప్పకూడదని అతనికి కూడా గట్టిగానే చెప్పారు. కానీ మూడు వారాలుగా ఒకే డబ్బుని మోసి మోసి అతని ఓపిక అయిపోయింది.

"కానుక గాదమ్మా. వీసకు కమ్మి పడ్డయంటివి గద. నర్సక్కలు, ఇండ్లల్ల పనిచేసే అక్కలు, సార్లు, అందరు నీకని ఏసిండ్రు. చెప్పొద్దు, మా రూల్ అన్నరు. అండ్ల మా క్యాంపోళ్ళయి గూడ ఉన్నయి. మేమైతే దేవునికియ్యలే. మాకు మీ దేవుడెవలో ఎర్కలేదు. మేం నీకిచ్చినం. నువ్వు తీస్కపోయి దేవునికిస్తివి."

"మీ క్యాంపు వాళ్ళా? మీకు నేనేమవుతానని?"

"కంపినీ జీతాలు బందు వెట్టిన ఏడు, శుక్రారం శుక్రారం గంజుల నిండ అన్నం పంపినవ్ గద. నేను దుబాయి వచ్చి పన్నెండేండ్లయితంది, గసొంటి తిండి మల్ల తినలే. మరి మేం మర్సిపోతమా?"

బహ్రెయిన్‌లో నిలబడి దుబాయి అంటున్నా దానమ్మ రోజూలా దిద్దలేదు. బ్యాంకు మెట్టు మీద కూర్చుండిపోయింది. ముందు కోపం వచ్చింది. తనని అడక్కుండా ఇవ్వడానికి వీళ్ళెవరు? తను ఎవరి దగ్గరైనా చెయ్యి చాచిందా? ఆ తర్వాత సిగ్గేసింది. ఉజ్జీవం అని లేచి సాక్ష్యం చెప్పింది, వాళ్ళ ముందే, వాళ్ళ డబ్బే చేతిలో పట్టుకుని. బ్లెస్సీకి ఎందుకు పొలమారిందో ఇప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. మనుషుల ముందు ఏడవడం చేతకాని మనిషి, ఎండలో, బ్యాంకు ముందు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కిషన్ ఎటు చూడాలో తెలియక వ్యాన్ టైరు తన్ని చూశాడు.

అక్కడినుంచే జాన్ పాల్‌కి ఫోన్ చేసింది.

"కిషన్ చెప్పేశాడాంటీ? బతికించాడు," అన్నాడు జాన్ పాల్. "ఇంకోసారి తెచ్చిస్తే నేనే అరిచి చెప్పేసేవాణ్ణి. అంకుల్ పెట్టిన రూలు కదండీ, ఎలా తప్పమంటారు?"

"అదలా ఉంచు. పెట్టెలో పడింది దేవుడిది. దాన్ని వెనక్కి తీసి నాకెలా ఇచ్చావు?"

"పెట్టెలో వెయ్యలేదండి. వేస్తే తియ్యలేమని జేబులో పెట్టుకునేవాణ్ణి. మీకని ఇచ్చింది మీదేనాంటీ. దయచేసి ఈ ఒక్కసారి మళ్ళీ తీసుకురాకండి."

దానమ్మ కార్డుని సంచిలో పెట్టేసింది. కానీ మనసు మాత్రం కుదుటపడలేదు. ఇవ్వడం ఆవిడకి తెలుసు. నిలవ పెట్టడం తెలుసు. తీసుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

గురువారం పొద్దున్న అప్పాజీని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. కౌంటర్లో నల్లటి అబాయా వేసుకున్న పడుచుపిల్ల ఉంది. ఆసుపత్రిలో నేర్చుకున్న అరబ్బీ దానమ్మకి బాగానే వచ్చు, అందుకని ఆ పిల్ల నేరుగా ఆవిడతోనే మాట్లాడింది. బ్యాంకు కాగితం మీద పెన్నుతో ఒక్కొక్క వరసా దిగుతూ వచ్చి, ఆగింది.

"ఖాలా," అంది. మనం పిన్నీ అన్నట్టే అది. "ఈ పైసలు వస్తున్నాయి, పోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. ఎవరివి?"

అప్పాజీ గబగబా ముందుకొచ్చాడు. ఆయన దగ్గర ఏదో కథ సిద్ధంగా ఉంది. దానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ ఖాతాలో ఎన్నో డబ్బులు పడ్డాయి, ఎప్పుడు ఎవరు అడిగినా నావి కావనే చెప్పింది. అదొక్కటే ఆవిడకి తెలిసిన నిజాయితీ. ఇప్పుడు అదే మాట అంటే అబద్ధమవుతుంది.

"నావే," అంది.

"ఎవరిచ్చారు?"

"మావాళ్ళు."

ఆ పిల్ల ఇంకో కాగితం తిప్పింది. "బహ్రెయిన్‌లో బంధువులు ఎవరూ లేరని ఇక్కడ రాసి ఉంది."

అప్పాజీ దగ్గాడు. క్రితంసారి అది రాసింది ఆయనే. రాయించింది దానమ్మ. "ఎవరున్నారు బాబూ నాకు, ఎవరూ లేరని రాసెయ్" అని ఆవిడ అన్న మాట ఇద్దరికీ గుర్తుంది.

"అది తప్పు. తెలియక రాయించాను," అంది దానమ్మ.

"అయితే ఉన్నారా? ఎంతమంది? పేర్లేంటి?"

"చాలామంది ఉన్నట్టున్నారు. పేర్లు నాకూ తెలియవు. మావాళ్ళు ఇచ్చేటప్పుడు పేరు చెప్పరు."

"మరి ఎందుకు వెనక్కి పోయాయి?"

"నాకని తెలియక ఇచ్చేశాను. వాళ్ళు మళ్ళీ వేశారు. మళ్ళీ ఇచ్చేశాను. మళ్ళీ వేశారు."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టి, దానమ్మనీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. నెల రోజులుగా దానమ్మ ముఖంలో ఉన్న అయోమయమంతా ఇప్పుడు ఆ పిల్ల ముఖంలోకి వెళ్ళింది. కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్ళింది. లోపల పెద్దాయనతో చాలాసేపు మాట్లాడటం అద్దంలోంచి కనపడింది. ఆయన కూడా తలెత్తి ఒకసారి దానమ్మని చూశాడు. అప్పాజీ మనసులో సత్యదేవుడికి మొక్కుకున్నాడు. దానమ్మ మొక్కలేదు, అడగాల్సింది నెల క్రితమే అడిగేసింది.

ఆ పిల్ల తిరిగొచ్చి కాగితాల మీద ముద్ర గుద్దింది. "ఇంకో రెండేళ్ళు, ఖాలా. ఖలాస్."

బయటికొచ్చాక అప్పాజీ అడిగాడు. "పిన్నిగారూ, ఇంతకీ ఉజ్జీవం అంటే ఏంటండి?"

"నాకూ సరిగ్గా తెలియదు బాబూ. ఇంతకు ముందు తెలుసనుకున్నాను," అంది దానమ్మ.

మర్నాడు కూడికలో ఆవిడ సాక్ష్యానికి లేవలేదు. అందరూ ఎదురుచూశారు. ఆవిడ లేచి థాంక్స్ చెబితే ఏ ముఖం పెట్టుకోవాలో తెలియక కొందరు ముందే తల దించుకుని కూర్చున్నారు. ఆవిడ తిన్నగా కూర్చుని, ఒక్కొక్కరి వీపునీ చూసింది. ఈ ఆకుపచ్చ చీరా? ఆ చొక్కా చిరిగిన అబ్బాయా? ఎంత చూసినా తేలలేదు. చివరికి అందరినీ తనవాళ్ళ కిందే లెక్కేసుకుంది. కానుకల పెట్టె ముందుకి వచ్చినప్పుడు బైబిల్లోంచి ఒక నోటు తీసి, మడిచి, లోపల వేసింది.

భోజనాల ముందు జాన్ పాల్ పెట్టె తెరిచి, ఆవిడ పక్కనే కూర్చుని లెక్కపెడుతున్నాడు. దినార్లూ అరదినార్లూ సర్దుతుంటే పసుపు మరక ఉన్న ఇరవై పైకి వచ్చింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. నెమ్మదిగా తలెత్తాడు.

"ఆంటీ, ఇది మీ..."

దానమ్మ గోంగూర మాంసం గిన్నె మూత తీస్తోంది.

"పేరు చదవకూడదు జాన్ పాల్," అంది. "మీ అంకుల్ పెట్టిన రూలు."